ట్రౌట్ చేపలు చుట్టూ లేస్తూనే ఉన్నాయి, నా సల్ఫర్ ఈగని మాత్రం ముట్టలేదు. ఒడ్డున పట్టుకున్న ఈ మూడు మేఫ్లైలు (నీళ్ళలో పెరిగి రెక్కలతో పైకొచ్చే పురుగులు) ఏంటో చెప్తారా?

కొత్తగాలం:

అందరికీ నమస్తే. నేను పెన్సిల్వేనియాలో స్టేట్ కాలేజ్ దగ్గర ఉంటాను, ఫ్లై ఫిషింగ్‌కి ఇది రెండో సీజన్. చిన్నప్పుడు మా ఊరి కాలవ గట్టు మీద వానపాము గుచ్చి గాలం వేసి కూర్చోడం అలవాటే గానీ, ఇక్కడ ఈకలూ దారాలూ చుట్టిన ఈగని నీటి మీద తేలించి చేపని నమ్మించడం పూర్తిగా వేరే విద్య, అదే నన్ను పట్టేసుకుంది.

మొన్న శనివారం సాయంత్రం స్ప్రింగ్ క్రీక్‌కి వెళ్ళా. మే చివరి వారం కదా, సల్ఫర్లు (లేత పసుపు మేఫ్లైలు) వస్తాయని అందరూ చెప్పారు, నిజంగానే ఏడున్నరకి పసుపు రంగువి ఒక్కొక్కటీ నీళ్ళ మీద తేలుతూ వచ్చాయి. 16 నంబర్ హుక్ మీద సల్ఫర్ డన్ (రెక్కలు నిలబడ్డ నకిలీ ఈగ) కట్టి వేశా, రెండు బ్రౌన్ ట్రౌట్లు పడ్డాయి, వదిలేశా. అంతవరకు బావుంది. ఎనిమిదింబావు దాటాక మడుగు మొత్తం చేపలే, ఎటు చూసినా చిన్న చిన్న వలయాలు, నా ఈగ వాటి నెత్తి మీదుగా పోతున్నా ఒక్కటంటే ఒక్కటి నోరు తెరవలేదు. టిప్పెట్ (ఈగ కట్టే చివరి దారం) సన్నం చేశా, ఈగ మార్చా, ఇంకా చిన్నది 18 కట్టా, నిలబడే చోటు మార్చా, ఏం లాభం లేదు, ఈలోపు చీకటి పడిపోయింది.

వచ్చేముందు గడ్డి మీదవి, టోపీ మీద వాలినవి మూడు రకాలు ఖాళీ పచ్చడి డబ్బాలో వేసి ఇంటికి తెచ్చా. నాకు కనపడినవి ఇవి:

మొదటిది లేత పసుపు, కొంచెం నారింజ ఛాయ, రెక్కలు బూడిద రంగులో తెరచాపలా నిలబడి ఉన్నాయి, ఒళ్ళు 8 మిల్లీమీటర్లు, తోకలు మూడు.

రెండోది చాలా పెద్దది, ఒళ్ళే 14 మిల్లీమీటర్లు ఉంది, రెక్కల మీద గోధుమ రంగు మచ్చలు, కాళ్ళకి పట్టీలు వేసినట్టు చారలు. తోకలు రెండే ఉన్నాయి, మూడోది విరిగిందో ఏమో తెలీదు.

మూడోది ఇటుకరాయి రంగు, రెక్కలు గాజులా ఉన్నాయి, అవతల వైపు కనిపిస్తోంది, తోకలు మూడు, ఒంటి కన్నా పొడుగు. కళ్ళు చాలా పెద్దవి.

మా ఆవిడ చూసి ఇవి ఉసిళ్ళే కదా అంది. కాదని నాకు తెలుసు గానీ ఎందుకు కాదో సరిగ్గా చెప్పలేకపోయా. పుస్తకాల్లో బొమ్మలు చూస్తే అన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. అసలు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? ఆ లాటిన్ పేర్లన్నీ నేర్చుకోవాల్సిందేనా?

ఏటిగట్టు:

తమ్ముడూ, నీ మొదటిదీ మూడోదీ ఒకే పురుగు. నీ సమస్యంతా అక్కడే ఉంది, కాబట్టి ముందు అది చెప్తా.

మేఫ్లైకి రెక్కలొచ్చిన తర్వాత కూడా ఇంకోసారి కుబుసం విడుస్తుంది. రెక్కలొచ్చి ఎగిరాక మళ్ళీ చర్మం వదిలే పురుగు లోకంలో ఇంకోటి లేదు. నీళ్ళలోంచి పైకొచ్చిన మొదటి రూపం డన్. దాని రెక్కలు బటర్ పేపర్‌లా మసగ్గా ఉంటాయి, ఎగరడం కూడా బరువుగా ఎగురుతుంది, పోయి చెట్టు ఆకు కింద దాక్కుంటుంది. అక్కడ ఒక రాత్రో ఒక రోజో ఉండి చర్మం విడిచి స్పిన్నర్ అవుతుంది. అప్పుడు రెక్కలు గాజులా తేటగా, ఒళ్ళు నున్నగా మెరుస్తూ, తోకలూ ముందు కాళ్ళూ ఇంకా పొడుగ్గా తయారవుతాయి. రంగు కూడా మారిపోతుంది. నీ పసుపు సల్ఫరే మర్నాటికి ఇటుక రంగులోకి వచ్చింది. ఈ రెండు రూపాల్లోనూ అది ఏమీ తినదు, నోరు పనిచెయ్యదు, పిల్లల్ని కనడానికే ఆ రెక్కలు.

ఇక ఎనిమిదింబావుకి ఏం జరిగిందంటే, ముందు రోజో అంతకు ముందు రోజో పుట్టినవి స్పిన్నర్లై వచ్చి, నీళ్ళు గలగలా పారే చోట పైన గుంపుగా పైకీ కిందకీ ఆడతాయి, జత కడతాయి, ఆడవి గుడ్లు వదిలి రెక్కలు రెండు పక్కలా చాచి నీటికి అతుక్కుని పడిపోతాయి. చేపకి అదంతా ఎటూ పారిపోలేని తిండి. అందుకే తొందర పడదు, మూతి మాత్రం పైకి పెట్టి జుర్రుతుంది. నువ్వు చూసిన చిన్న వలయాలు అవే. డన్‌ని తినేటప్పుడు నీళ్ళు చిమ్మడం, చప్పుడు ఎక్కువ ఉంటాయి. నువ్వేమో నిలబడ్డ రెక్కల ఈగని పంపుతున్నావు, అవి పడుకున్న రెక్కల వాటి కోసం చూస్తున్నాయి.

ఈసారి వెళ్ళినప్పుడు 16లో రస్టీ స్పిన్నర్ (ఇటుక రంగు, పడుకున్న రెక్కల ఈగ) దగ్గర పెట్టుకో, సన్నటి 6ఎక్స్ టిప్పెట్ చాలు. ఏడున్నరకి డన్, వెలుగు తగ్గుతున్నప్పుడు తల పైకెత్తి ఆకాశం వైపు చూడు, ఎగిరి ఆడేవి కనపడితే కాసేపట్లో కింద పడతాయి, అవి పడకముందే ఈగ మార్చి కట్టేసుకో. చీకట్లో ముడి వెయ్యడానికి కుస్తీ పడుతూ ఆ ఇరవై నిమిషాలూ పోగొట్టుకున్న సాయంత్రాలు నావి చాలా ఉన్నాయి.

పురుగులక్క:

నేను పురుగుల మీదే చదువుకున్నా, చేపలు పట్టడం తర్వాత అంటుకుంది. ఏటిగట్టు అన్న చెప్పినది అక్షరాలా నిజం. గుర్తుపట్టడం సంగతి నేను చెప్తా.

ముందు మీ ఆవిడకి జవాబు. ఉసిళ్ళు అంటే రెక్కలొచ్చిన చెదపురుగులు. వాటి నాలుగు రెక్కలూ ఒకే కొలత, ఒంటి మీద పడుకోబెట్టుకుంటాయి, తోకపోగులు ఉండవు, రెక్కలు ఊడిపోతాయి. మేఫ్లైకి ముందు రెక్కలు పెద్దవి, వెనక రెక్కలు బాగా చిన్నవి, కొన్నిటికి అసలే ఉండవు, వాలినప్పుడు రెక్కలన్నీ వీపు మీద కలిపి నిలబెడుతుంది, వెనక దారాల్లాంటి పొడుగు తోకలుంటాయి. ఏటి దగ్గర తిరిగే మిగతావి కూడా ఇలాగే తేల్చెయ్యొచ్చు. క్యాడిస్ ఐతే రెక్కలు పూరింటి కప్పులా రెండు పక్కలా వాలుగా ఉంటాయి, తోకలుండవు, మీసాలు పొడుగు. స్టోన్‌ఫ్లై రెక్కలు వీపు మీద చదునుగా ఒకదాని మీద ఒకటి. మిడ్జ్ మన దోమలాగే ఉంటుంది, రెక్కలు రెండే.

మేఫ్లై అని తేలాక అందరూ చేసే తప్పు రంగుతో మొదలుపెట్టడం. రంగు చివర్న చూడాలి తమ్ముడూ. అప్పుడే నీళ్ళలోంచి లేచిన డన్ లేతగా ఉంటుంది, కొన్ని గంటల్లో ముదురుతుంది, కాబట్టి నువ్వు ఇంటికి తెచ్చి ట్యూబ్‌లైట్ కింద చూసిన రంగూ నీళ్ళ మీద చేప చూసిన రంగూ ఒకటి కావు. మగదీ ఆడదీ వేరుగా ఉండే జాతులు కూడా ఉన్నాయి. ఏప్రిల్‌లో వచ్చే హెండ్రిక్సన్ తీసుకో, ఎఫెమెరెల్లా సబ్‌వేరియా, ఆడదాన్ని హెండ్రిక్సన్ అంటూ మగదానికి రెడ్ క్విల్ అని ఇంకో ఈగే కట్టారు పాత వాళ్ళు, రెండూ ఒకే జాతి. మార్చ్ బ్రౌన్, గ్రే ఫాక్స్ కూడా చాలా ఏళ్ళు రెండు జాతులనుకుని తర్వాత ఒకటేనని తేల్చారు.

నేను చూసే వరస ఇది. డన్నా స్పిన్నరా, రెక్క మసకా తేటా చూస్తే తెలుస్తుంది, అనుమానం ఉంటే రెక్క వెనకంచుని వెలుగుకి పెట్టి చూడు, డన్‌కి ఆ అంచు వెంట సన్నటి నూగు ఉంటుంది. తర్వాత తోకలు. తోకలు తొందరగా విరుగుతాయి కాబట్టి చివర్లు లెక్కపెట్టకు, మొదలు చూడు, మూడు తోకల దానికి మధ్యది విరిగినా అక్కడ మొలక మిగిలి ఉంటుంది. మన దగ్గర మూడు తోకలంటే ఎఫెమెరెల్లా కుటుంబం (సల్ఫర్లు, హెండ్రిక్సన్లు), గ్రీన్ డ్రేక్, బ్రౌన్ డ్రేక్, ట్రైకోలు. రెండంటే బీటిస్, మార్చ్ బ్రౌన్, లైట్ కాహిల్, క్విల్ గోర్డన్, ఐసోనికియా. ఈ ఒక్క లెక్కతో సగం జాతులు పక్కకి పోతాయి. ఒక జాగ్రత్త, నీళ్ళలో ఉండే పిల్లకి మూడు తోకలున్నా పెద్దదానికి రెండే ఉండొచ్చు, బీటిస్ ట్రైకాడేటస్ అనే దాని పేరులోనే మూడు తోకలని ఉంది, ఎగిరేదానికి మాత్రం రెండే, చాలామంది ఇక్కడ తికమక పడతారు.

ఆ తర్వాత వెనక రెక్క. దీనికి భూతద్దం కావాలి, బంగారం షాపులో కంటికి పెట్టుకుంటారే అలాంటి 10 రెట్లది. బీటిస్ వెనక రెక్క గోరు గీరినంత ఉంటుంది, ట్రైకోకి అసలు ఉండదు. సల్ఫర్‌కి మామూలు కంటికే కనపడుతుంది.

నీ రెండోది విరిగింది కాదు, దానికి రెండే తోకలు. ఆ సైజు, మచ్చల రెక్కలు, కాళ్ళకి చారలు, మే చివర, అంటే మార్చ్ బ్రౌన్, మాకాఫర్టియం వికేరియం. తల పైనుంచి చూడు, వెడల్పుగా అణిగినట్టుంటుంది, పిల్లగా ఉన్నప్పుడు రాళ్ళకి కరుచుకుని బతికే కుటుంబం అది. మొదటిదీ మూడోదీ ఎఫెమెరెల్లా ఇన్వేరియా అనుకుంటున్నా, 8 మిల్లీమీటర్లు కాబట్టి. జూన్‌లోకి వెళ్ళేకొద్దీ ఇంకా చిన్న పసుపువి వస్తాయి, అది డొరోథియా, దానికి 18 కట్టు. మూడోది మగది, కళ్ళు చాలా పెద్దవన్నావు కదా. తోకల మొదట్లో కింద వైపు కొక్కేల్లాంటివి రెండు ఉంటాయి, ఎగురుతూ ఆడదాన్ని పట్టుకోడానికి. బీటిస్ మగవాటికైతే కళ్ళ మీద ఇంకో జత కళ్ళు తలపాగా చుట్టినట్టు ఉంటాయి, శాస్త్రంలో కూడా తలపాగా కళ్ళనే అంటారు, మొదటిసారి భూతద్దంలో చూసిన రోజు నేను మైక్రోస్కోప్ దగ్గర్నుంచి లేవలేదు.

ఫోటో తీసేటప్పుడు రెండు రెక్కలూ కలిపి వేళ్ళ మధ్య మెల్లిగా పట్టుకో, పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, పొట్ట ఒకటి, తోక మొదలు ఒకటి, పక్కన 16 నంబర్ హుక్ పెట్టు కొలతకి.

కొలరాడోవాగు:

అక్క అంత వివరంగా చెప్పాక నేను ఎదురు చెప్తున్నా అనుకోవద్దు గానీ, కొత్తవాళ్ళకి లాటిన్ పేర్లు అక్కర్లేదని నా నమ్మకం. నేను డెన్వర్ నుంచి సౌత్ ప్లాట్ నది మీద పదేళ్ళుగా వేస్తున్నా, నేను చూసేది సైజు, రెక్క నిలబడిందా పడుకుందా, ముదురా లేతా, అంతే. ట్రౌట్ పేరడిగి తినదు కదా.

వాడుక పేర్లతోనూ జాగ్రత్తే మళ్ళీ. మా ఫ్రైయింగ్‌పాన్ నది మీద ఆగస్టులో గ్రీన్ డ్రేక్ వస్తుంది, మీ పెన్స్ క్రీక్ గ్రీన్ డ్రేక్ అనుకుని తూర్పు నుంచి వచ్చిన మా ఫ్రెండ్ అక్కడి ఈగలే డబ్బా నిండా తెచ్చాడు, ఒక్కటీ పనికిరాలేదు. మాది డ్రునెల్లా, పొట్టిగా బొద్దుగా ముదురాకుపచ్చ. బీడబ్ల్యూఓ (బ్లూ వింగ్డ్ ఆలివ్) అని ఎన్నిటిని పిలుస్తారో లెక్కే లేదు.

పురుగులక్క:

నువ్వు చెప్పిన కథే నా వైపు సాక్ష్యం కదా బాబూ, మీ ఫ్రెండ్ దగ్గర డ్రునెల్లా అన్న ఒక్క మాట ఉండుంటే ఆ డబ్బా తెచ్చేవాడు కాదు.

నేను జాతి దాకా వెళ్ళమనట్లేదు, కుటుంబం దాకా తెలిస్తే చాలు, ఎందుకంటే పేరు తెలిస్తే దాని నడత తెలుస్తుంది, ఈగ ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ఐసోనికియా ఉంది, స్లేట్ డ్రేక్ అంటారు, ముందు కాళ్ళు ముదురు, మిగతా నాలుగూ తెల్లగా ఉంటాయి, ఒక్కసారి చూస్తే మర్చిపోలేం. దాని పిల్ల ఎక్కువగా రాయి మీదకి పాకి అక్కడ చర్మం విడుస్తుంది. రాళ్ళ నిండా ఖాళీ చర్మాలు చూసి డన్ కట్టేస్తారు, చేపలు మాత్రం ఒడ్డుకి ఈదుతున్న పిల్లల్ని తింటుంటాయి. క్విల్ గోర్డన్ అడుగునే చర్మం విడిచి రెక్కలతో పైకి తేలుతుంది, దానికి నీళ్ళలో మునిగే తడి ఈగ బాగా పనిచేస్తుంది. బీటిస్ ఆడది గుడ్లు పెట్టడానికి రాయి పట్టుకుని నీళ్ళలోకే దిగిపోతుంది. రెక్కా రంగూ చూసి ఇవేవీ చెప్పలేం.

కొలరాడోవాగు:

ఆ బీటిస్ నీళ్ళలోకి దిగే సంగతి నాకు తెలీదక్కా. అక్టోబర్‌లో మబ్బు పట్టిన రోజుల్లో పైన ఏమీ లేకుండానే చేపలు మెరుస్తుంటాయి, మునిగిన స్పిన్నర్ ప్రయత్నిస్తా ఈసారి. కుటుంబం దాకా ఐతే ఒప్పుకుంటా.

ఈరీ_ఒడ్డు:

ట్రౌట్ మనిషిని కాదు, ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉంటాం. జూన్ చివర్లో మా దగ్గర హెక్సాజీనియా వస్తుంది, ఒళ్ళే అంగుళం, తోకలు రెండు. రాత్రి దీపాల కింద కుప్పలు పడతాయి, కార్లు కనపడవు, పొద్దున్నే షాపుల వాళ్ళు పారలతో ఎత్తుతారు, వాతావరణ రాడార్ మీద మబ్బులా కనిపిస్తుంది ఆ గుంపు. 1950ల్లో సరస్సు అడుగున ఆక్సిజన్ లేక ఇవి దాదాపు పోయాయి, మళ్ళీ 1990ల్లో తిరిగొచ్చాయి. ఇండియా నుంచి వచ్చిన మా అమ్మానాన్నలు కంగారు పడి తలుపులు వేసేస్తుంటే కుట్టవు, కరవవు, నోరే పనిచెయ్యదని చెప్పి బయటికి తీసుకెళ్ళి చూపించా. మా నాన్న ఒకదాన్ని చేతి మీద ఎక్కించుకుని చాలాసేపు కూర్చున్నారు.

కొత్తగాలం:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత చెప్తారని అనుకోలేదు. రెండు సంగతులు చెప్పాలి.

మంగళవారం సాయంత్రం వాగు మీద అప్పుడే లేచిన పసుపు డన్‌ని ఒకదాన్ని డబ్బాలో వేసి, మూతకి బదులు దోమతెర గుడ్డ కట్టి, అడుగున తడి టిష్యూ వేసి వంటింటి గట్టు మీద పెట్టా. పదకొండింటికి పడుకునేటప్పుడు అలాగే ఉంది, గుడ్డకి వేళ్ళాడుతూ. పొద్దున్న ఐదున్నరకి లేచి చూస్తే గుడ్డకి రెండు ఉన్నాయి! ఒకటి కదలట్లేదు. దగ్గరికి పెట్టుకుని చూస్తే అది ఒట్టి చర్మం, ఆరు కాళ్ళతో గుడ్డని పట్టుకుని అలాగే నిలబడి ఉంది, వీపు మీద చీలిక, తోకల తొడుగులు మూడూ ఉన్నాయి, రెక్కల చర్మం మాత్రం నలిగి రెండు తెల్లటి ముడుల్లా అయిపోయింది. పక్కన అదే పురుగు, ఇటుక రంగులో, గాజు రెక్కలతో, తోకలు ఆ ఖాళీ తొడుగుల కన్నా ఇంచుమించు రెట్టింపు పొడుగు. మా ఆవిణ్ణి లేపి చూపించా. ఆఫీసుకి వెళ్ళేముందు బయట వదిలేశాం.

నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళా. ఎనిమిదింటికి తల పైకెత్తి చూస్తే మేపుల్ చెట్ల ఎత్తున నిజంగానే ఆడుతున్నాయి, పైకి ఎగిరి కిందకి జారి, మళ్ళీ పైకి. కొన్నిటి తోక దగ్గర పసుపు రంగు ఉండ ఉంది, గుడ్లే అనుకుంటా. రస్టీ స్పిన్నర్ 16 కట్టేసి ఆగా. మొదటి చేప ఒడ్డుకి అడుగు దూరంలో జుర్రుతోంది, ఈగ కనపడట్లేదు, అటు వైపు వలయం పడగానే కడ్డీ ఎత్తా, పద్నాలుగు అంగుళాల బ్రౌన్. చీకటి పడేలోపు మూడు. మూడో దాన్ని వదిలేటప్పుడు దాని మూతి పక్కన నిజం స్పిన్నర్ ఒకటి అతుక్కుని ఉంది.

ఈ వారాంతం పెన్స్ క్రీక్ గ్రీన్ డ్రేక్‌కి కోబర్న్ వెళ్దామనుకుంటున్నా. ఏం చూడాలి అక్కడ?

ఏటిగట్టు:

తమ్ముడూ, చదువుతుంటే నేనే వేసినంత సంతోషంగా ఉంది. గుడ్ల ఉండే అది, ఆడవి.

కోబర్న్‌లో జనం బాగా ఉంటారు, మధ్యాహ్నమే వెళ్ళి చోటు చూసుకో. డన్ ఎఫెమెరా గట్టులేటా, తోకలు మూడు, రెక్కలు లేత పసుపాకుపచ్చ మీద నల్ల మచ్చలు, హుక్ 8 లేదా 10. స్పిన్నర్‌ని కాఫిన్ ఫ్లై అంటారు, పొట్ట సున్నం కొట్టినట్టు తెల్లగా, వీపు నల్లగా, డన్‌తో పోలికే ఉండదు, నువ్వు డబ్బాలో చూశావు కాబట్టి ఆశ్చర్యపోవులే. పగలు చెట్ల ఆకుల కింద వెతుకు, తెల్లవి వేళ్ళాడుతుంటే ఆ రాత్రికి పడతాయి. ఇంకోటి, అంత పెద్ద డ్రేక్ కళ్ళ ముందు ఉంటే మనం దాన్నే చూస్తాం, ట్రౌట్లు మాత్రం చాలాసార్లు అదే నీళ్ళలో సల్ఫర్ స్పిన్నర్లనే తింటుంటాయి. చిన్న అక్వేరియం వల ఒకటి నీటి మీద పట్టి చూడు, ఏం పడిందో అదే కట్టు. థర్మామీటర్ కూడా తీసుకెళ్ళు, నీళ్ళు 68 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే ఆపేసి వచ్చెయ్, వదిలినా బతకడం కష్టం.

పురుగులక్క:

కాఫిన్ ఫ్లై దొరికితే నాకోసం తోక మొదలు ఫోటో ఒకటి తియ్యి తమ్ముడూ, పక్కన హుక్ పెట్టి.